మ్యూజియానికి వెళ్లే ముందు

పిల్లలూ,

డిసెంబరులో మనం నవా రాయ్‌పూర్ వెళ్తున్నాం. మనం చూడబోయే చోటు పేరు కాస్త పొడుగు: షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్మారకం, ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల సంగ్రహాలయం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి 25 ఏళ్లు నిండిన రోజున, 2025 నవంబరు 1న, ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. కుమ్హారి నుంచి ఖారూన్ నది దాటి, రాయ్‌పూర్ ఊరు కూడా దాటి అవతలికి వెళ్లాలి.

విహారయాత్ర గురించిన వ్యాసం మామూలుగా వెళ్లొచ్చాక రాస్తాం. తెల్లవారుజామున లేచాము, బస్సులో పాటలు పాడుకున్నాము, పులిహోర తిన్నాము, సంతోషంగా ఇల్లు చేరాము. ఏటా ముప్పై వ్యాసాలు దిద్దుతాను, ముప్పైలోనూ పులిహోర ఉంటుంది. ఈసారి వెళ్లక ముందే ఒక పాఠం చదువుకుందాం. ఎందుకో చెప్తాను.

నాలుగు బదిలీల కిందట, వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నప్పుడు, పాత జైలును మ్యూజియంగా మార్చిన ఒక చోటికి పిల్లల్ని తీసుకెళ్లాను. బస్సు, భోజనం, తల్లిదండ్రుల సంతకాలు, మందుల డబ్బా, అన్నీ సిద్ధం చేసుకున్నాను. పిల్లల్ని మాత్రం సిద్ధం చేయలేదు. ఉరికొయ్య ఉన్న గది ముందు ఒక అబ్బాయి మెడ పక్కకు వాల్చి, నాలుక బయటపెట్టి ఫొటో దిగాడు. మిగతావాళ్లు పడి పడి నవ్వారు. అక్కడ నేల ఊడుస్తున్న పెద్దాయన చీపురు ఆపి మా వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. మళ్లీ తన పనిలో పడ్డాడు. అదే రోజు ఆరో తరగతి అమ్మాయి ఒకతి చీకటి కొట్టులోంచి బయటికి వచ్చి, బస్సు ఊరు చేరేదాకా నోరు విప్పలేదు. రాత్రంతా నిద్రపోలేదని మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసింది. నవ్విన పిల్లాడిదీ తప్పు కాదు, భయపడిన పిల్లదీ తప్పు కాదు. ఏం చూడబోతున్నారో నేను వాళ్లకు చెప్పలేదు. అందుకే ఈసారి బస్సు మాట్లాడకముందు పాఠం మొదలుపెట్టాను.

ముందు ఒక మనిషి

బాధ ఉన్న చరిత్రను ఒకేసారి మొత్తం చూడబోతే కళ్లు తిరుగుతాయి. ఇన్ని తిరుగుబాట్లు, ఇన్ని తేదీలు, ఇన్ని చావులు. పది నిమిషాలకే పిల్లలు బోర్డులు చదవడం మానేసి నీళ్ల కుళాయి ఎక్కడుందని వెతుకుతారు. (పెద్దవాళ్లూ అంతే, పైకి చెప్పరు.) కాబట్టి ముందు ఒక్క మనిషిని బాగా తెలుసుకుందాం. నారాయణ్ సింగ్ పేరు మీలో చాలామందికి క్రికెట్ వల్ల తెలుసు, నవా రాయ్‌పూర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. మ్యాచ్ చూసినవాళ్లున్నారు గానీ ఆ పేరు గల మనిషి ఎవరని అడిగితే క్లాసులో రెండే చేతులు లేచాయి.

సోనాఖాన్ ఇప్పటి బలౌదా బాజార్ జిల్లాలో ఉంది. నారాయణ్ సింగ్ అక్కడి జమీందారు, బింఝ్వార్ తెగవాడు. 1856లో కరువు వచ్చింది. జనానికి తిండి గింజలు లేవు. కస్డోల్‌లో మాఖన్ అనే వ్యాపారి కొట్లలో మాత్రం ధాన్యం నిండుగా ఉంది. అప్పుగా ఇమ్మంటే వ్యాపారి ఒప్పుకోలేదు. నారాయణ్ సింగ్ కొట్టు తాళాలు పగలగొట్టించి ధాన్యం ఆకలితో ఉన్నవాళ్లకు పంచాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనిని జాగ్రత్తగా గమనించండి. తాను చేసినది రాయ్‌పూర్‌లోని ఆంగ్లేయ అధికారికి తానే తెలియజేశాడు. దాచుకోలేదు.

వ్యాపారి ఫిర్యాదు చేశాడు. 1856 అక్టోబరు 24న నారాయణ్ సింగ్‌ను పట్టుకుని రాయ్‌పూర్ జైల్లో పెట్టారు. మర్నాడు ఏడు ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు రగిలింది. 1857 ఆగస్టు 28న ఆయన జైలు నుంచి తప్పించుకుని సోనాఖాన్ చేరాడు, మనుషుల్ని కూడగట్టాడు, తన మీదికి వచ్చిన సైన్యంతో పోరాడాడు. చివరికి లొంగిపోక తప్పలేదు. 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు.

ఇది చెప్పి, బోర్డు మీద ఒక పెద్ద తాళంకప్ప బొమ్మ వేసి, మీరేమంటారని ఎనిమిదో తరగతిని అడిగాను. "ఆకలితో ఉన్నవాళ్లకు పెట్టడం మంచిదే మేడమ్, కానీ తాళం పగలగొట్టడం తప్పే కదా" అన్నాడొకడు. "నీకు మూడు రోజులు అన్నం లేకపోతే అప్పుడు చెప్పు" అంది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి. "మరి ఆ వ్యాపారి వచ్చే ఏటికి దాచుకున్నాడేమో?" అని ఇంకొకరు. పీరియడ్ అంతా అదే గొడవ. పక్క క్లాసు సార్ తొంగి చూసి వెళ్లారు. నేను తీర్పు చెప్పలేదు, ఇక్కడా చెప్పడం లేదు. మ్యూజియంలో సోనాఖాన్ గ్యాలరీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ గొడవ గుర్తుంచుకోండి. కరువును ఎలా చూపించారు? కొట్టును ఎలా చూపించారు? వ్యాపారికి ముఖం ఉందా, వీపు మాత్రమే ఉందా?

ఆయన చావు గురించి రెండు మాటలు వినిపిస్తాయి. ఉరితీశారని ఒకటి, ఫిరంగికి కట్టి పేల్చారని ఇంకొకటి. రెండూ మీకు ఎదురుకావచ్చు. ఏది ఎక్కడ చదివారో, ఏది ఎవరి నోట విన్నారో నోటుపుస్తకంలో విడివిడిగా రాసుకోండి. జనం నోళ్లలో బతికిన కథకూ దస్తావేజులో మిగిలిన వాక్యానికీ తేడా ఉన్నంత మాత్రాన ఒకటి వెంటనే కొట్టేయాల్సిన పని లేదు. ఎందుకు తేడా వచ్చిందని అడగాలి.

ఇంకో సంగతి మన భిలాయ్‌కి సంబంధించినది. ఇక్కడి కొలుములకు ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుందని మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉంది. ఆ గని కార్మికులు 1970ల చివరి నుంచే ఏటా డిసెంబరులో నారాయణ్ సింగ్‌ను తలచుకుంటూ సభలు, ఊరేగింపులు జరిపేవారు. తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల వేసింది 1987లో. మ్యూజియం వచ్చింది ఇప్పుడు. ఈ మూడింటి వరుస చూడండి.

హిందీ బోర్డు, తెలుగు కళ్లు

మీరందరూ ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. మూడు ఊళ్లు మారిన పిల్లలైతే ఇంకో రెండు భాషలు అదనం. ఇది మీకున్న బలం. కానీ అక్కడి బోర్డులు హిందీలో చదివి తెలుగులో అర్థం చేసుకునేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. అక్షరాలు ఒకటే, అర్థాలు వేరు.

"విద్రోహ్" అనే మాట మీకు అడుగడుగునా కనిపిస్తుంది. హిందీలో దాని అర్థం తిరుగుబాటు. తెలుగులో విద్రోహం అంటే నమ్మకద్రోహం. విద్రోహి అంటే వెన్నుపోటు పొడిచినవాడు. పోయిన నెల ఏడో తరగతి కుర్రాడు ఒకడు నిజంగానే "నారాయణ్ సింగ్ విద్రోహం చేశాడు" అని రాసుకొచ్చాడు. పాపం, హిందీ పుస్తకంలోంచి ఒక్క అక్షరం తప్పు లేకుండా ఎత్తి రాశాడు. కానీ ఆ వాక్యం శ్రీకాకుళంలో వాళ్ల తాతగారు చదివితే నారాయణ్ సింగ్ ఎవరినో మోసం చేశాడనుకుంటారు. ఒక్క మాటతో వీరుడు ద్రోహి అయిపోయాడు!

అలాగే "అకాల్" అంటే మనకు తోచే అకాలం కాదు, కరువు. "శిక్షా" అంటే చదువు, మన శిక్షకు హిందీలో "దండ్" అంటారు. "సాహూకార్" మన షావుకారే. "బేగార్" అంటే వెట్టి, అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. ఈ మాట దగ్గర ఆగండి. వెట్టి అన్న మాట తెలుగులో ఎంత పాతదో, ఎంత బరువైనదో మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు.

తెలుగు మాటలూ అమాయకమైనవి కావు. మన్యంలో జరిగిన తిరుగుబాట్లను "పితూరీ" అనేవారు. 1879లో జరిగినది రంప పితూరీ. మనం పితూరీ అనే మాటను ఎప్పుడు వాడతాం? "టీచర్‌తో పితూరీలు చెప్పకు" అంటాం. చాడీలు చెప్పడం అన్నట్టు. ప్రాణాలకు తెగించి లేచిన మనుషుల పనికి ఆ పేరు పెట్టింది ఎవరై ఉంటారు, లేచినవాళ్లా, వాళ్లను అణచినవాళ్లా? అదే 1910లో బస్తర్‌లో లేచినవాళ్ల పోరాటానికి "భూమ్‌కాల్" అని పేరు. భూమి కంపించడం అని అర్థం చెబుతారు. పితూరీ, భూమ్‌కాల్, ఈ రెండు మాటలనూ పక్కపక్కన రాసుకుని చూడండి.

మిరపకాయలు

భూమ్‌కాల్ గ్యాలరీ దగ్గర మనం ఎక్కువసేపు ఆగుతాం. కారణం కొంత స్వార్థం, నాకు ఆ కథ ఇష్టం.

బస్తర్ అడవుల్లో చాలా భాగాన్ని ప్రభుత్వం రిజర్వు చేసింది. తాతల నాటి నుంచి పోడు చేసుకుని, కట్టెలూ ఇప్పపూలూ ఏరుకుని బతికినవాళ్లకు తమ అడవిలో తామే దొంగలయ్యే పరిస్థితి వచ్చింది. దానికి తోడు వెట్టి. 1910 ఫిబ్రవరిలో జనం లేచారు. నేతానార్ గ్రామానికి చెందిన గుండా ధుర్ పేరు ముందు వినిపిస్తుంది. ఉత్తరాలు రాసుకోవడానికి అక్షరాలు లేవు, వార్త మాత్రం ఊరూరికీ వెళ్లాలి. అందుకని మామిడి కొమ్మలు, మట్టిముద్ద, బాణాలు, మిరపకాయలు చేతులు మారుతూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాయి. అందుకున్న ఊరికి సంగతి తెలిసేది. సైన్యం వచ్చి తిరుగుబాటును అణచివేసింది, ఎందరో చనిపోయారు. గుండా ధుర్ మాత్రం దొరకలేదు.

పన్నెండేళ్లు ముందుకు, కొంచెం దక్షిణానికి రండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, ఆయన మనుషులు వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు తీసుకెళ్లారు. ఫలానా చోటికి వస్తున్నానని ఆయన ముందే కబురు పంపేవాడనీ, ఆ ఉత్తరానికి మిరపకాయలు కట్టేవాడనీ చెబుతారు. దాన్ని మన్యంలో "మిరపకాయ టపా" అంటారు. అక్కడా అడవి మీద ఆంక్షలే, అక్కడా వెట్టే. బస్తర్ మిరపకాయ గురించి చెప్పగానే విజయనగరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి "మాదీ అదే కదా మేడమ్" అని లేచి నిలబడింది. ఆ అమ్మాయి భిలాయ్‌లో పుట్టింది. అల్లూరి కథ అమ్మమ్మ దగ్గర వింది. ఇక్కడి కథకూ అక్కడి కథకూ మధ్య ఉన్నది అడవే.

1910లో బస్తర్ రాజు రుద్ర ప్రతాప్ దేవ్. ఆ రాజవంశం ఓరుగల్లు కాకతీయుల నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. ఇది విని మీరు గర్వపడేలోపు తర్వాతి భాగం చదవండి.

మనం ఎవరి వైపు?

1859లో దక్షిణ బస్తర్‌లో, ఇప్పటి బీజాపూర్ జిల్లా వైపు, ఒక తిరుగుబాటు జరిగింది. కోయీ విద్రోహ్ అని రాసి ఉంటుంది (అర్థం మీకిప్పుడు తెలుసు). అక్కడి సాల వృక్షాలు నరికే గుత్త బయటి వ్యాపారులకు ఇచ్చారు. ఫోత్‌కేల్ జమీందారు నాగుల్ దోర్లా, ఆయనతో పాటు చుట్టుపక్కల జమీందార్లు, జనం అడ్డం నిలిచారు. ఒక సాల చెట్టుకు ఒక తల అన్నది వాళ్ల మాట. చెట్టు నరికితే నరికినవాడి తల పోతుందని. చివరికి ఆ గుత్త పద్ధతిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ గుత్తేదారులు ఎక్కడివాళ్లు? హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు.

ఇది చెప్పినప్పుడు క్లాసు కాసేపు నిశ్శబ్దమైంది. అంతదాకా మ్యూజియం అంటే మనం ఒక వైపు, ఆంగ్లేయులు ఒక వైపు అనుకున్నారు. మన్యంలోనూ సంగతి ఇంత తేలిక కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత న్యాయమైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ఆ కోపం అల్లూరి పోరాటానికి ఒక కారణం. తహసీల్దారు ప్రభుత్వ ఉద్యోగి. బదిలీ మీద వచ్చి, బదిలీ మీద పోయే ఉద్యోగం.

అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది. వాళ్ల నాన్నగారు భద్రతా దళాల్లో ఉన్నారు, ప్రస్తుతం బస్తర్‌లోనే డ్యూటీ. నెలకోసారి ఇంటికొస్తారు. "మేడమ్, ఆ బొమ్మల్లో తుపాకులు పట్టుకున్నవాళ్లుంటారు కదా. వాళ్ల పిల్లలు కూడా స్కూలుకెళ్లేవాళ్లా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్నే కారణం. మన బడిలో పిల్లల నాన్నలు, అమ్మలు రైల్వేలో, ఉక్కు కర్మాగారంలో, బ్యాంకుల్లో, దళాల్లో పనిచేస్తారు. ప్రభుత్వ యూనిఫారం మనకు ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించి ఉండే బట్ట. మ్యూజియంలో అదే యూనిఫారం బొమ్మ చేతిలో తుపాకి గురిపెట్టి నిలబడితే మన పిల్లలు ఎక్కడ నిలబడాలి?

మర్నాడు ఆ అమ్మాయికి, క్లాసుకు ఒక సంగతి చెప్పాను. రాయ్‌పూర్‌లో 1857లో మూడో రెజిమెంటు ఉండేది. నారాయణ్ సింగ్ జైలు నుంచి తప్పించుకోవడానికి సాయపడినవాళ్లలో సిపాయిలూ ఉన్నారని చెబుతారు. ఆయన చనిపోయిన నెల దాటాక, 1858 జనవరి 18న, అదే రెజిమెంటులో ఆయుధాల కొట్టులో పనిచేసే హనుమాన్ సింగ్ ఎదురుతిరిగి సార్జెంట్ మేజర్ సిడ్‌వెల్‌ను చంపాడు. హనుమాన్ సింగ్ దొరకలేదు. ఆయనతో నిలిచిన 17 మందిని జనవరి 22న రాయ్‌పూర్‌లో ఉరితీశారు. ఆ పేర్లు మిగిలి ఉన్నాయి. గాజీ ఖాన్, శివనారాయణ్, పన్నాలాల్, మాతాదీన్, అక్బర్ హుస్సేన్, బుద్ధూ, దుర్గా ప్రసాద్, దేవీదీన్... పదిహేడూ మనం క్లాసులో గట్టిగా చదివాం. అందరూ యూనిఫారంవాళ్లే. ఆ యూనిఫారంతోనే కొందరు సోనాఖాన్ మీదికి వెళ్లారు, కొందరు ఉరికంబం ఎక్కారు.

అల్లూరి కథలో కూడా ఇలాంటిదొకటి ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పోలీసు పటాలం వస్తుంటే పొంచి ఉన్నవాళ్లు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చారు. వెనక వస్తున్న ఇద్దరు ఆంగ్లేయ అధికారులను, స్కాట్ కవర్డ్‌ను, హైటర్‌ను కాల్చారు. పొదల చాటునున్న మనిషి కూడా యూనిఫారం లోపల ఎవరున్నారో చూశాడన్నమాట.

ఆ అమ్మాయికి ఇది పూర్తి జవాబో కాదో నాకు తెలియదు. "నాన్నకు ఫోన్లో చెప్తాను" అంది.

ఒక చిన్న పని ఇంటికి ఇస్తున్నాను. భిలాయ్ కర్మాగారం కోసం 1950ల్లో చాలా గ్రామాల భూములు తీసుకున్నారు. మొదటి కొలిమి 1959 ఫిబ్రవరిలో మొదలైంది. మీ వీధిలో పాలు పోసే తాతనో, కూరగాయల బుట్టతో వచ్చే అమ్మనో, వాళ్లది మొదట ఏ ఊరని మర్యాదగా అడగండి. చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే వదిలేయండి. మ్యూజియంలోనూ ఇదే మర్యాద.

ఆ రోజు

డిసెంబరు 10న ఆయన వర్ధంతి. ఆ రోజు దండలు, ఉపన్యాసాలు, జనం. కాబట్టి మనం ఆ తర్వాత వచ్చే శనివారం వెళ్తాం. మ్యూజియం వేళలు, సెలవు రోజు, పిల్లల బృందాలకు నియమాలు ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత నాదీ, తొమ్మిదో తరగతి లీడర్లదీ.

నేరుగా మ్యూజియానికి పోం. పొద్దున్నే, బండ్ల రద్దీ మొదలుకాక ముందు, రాయ్‌పూర్ నడిబొడ్డున జయస్తంభ్ చౌక్ దగ్గర ఐదు నిమిషాలు ఆగుతాం. నారాయణ్ సింగ్ ప్రాణం తీసిన చోటు అదేనని అక్కడివాళ్లు చెబుతారు. మీరు బట్టల షాపింగుకు పోతూ ఆ చౌరస్తా ఎన్నోసార్లు దాటారు. అక్కడ పాఠం ఏమీ చెప్పను. చుట్టూ ఏమున్నాయో చూడండి: దుకాణాలు, ఆటోలు, సిగ్నల్ దీపాలు, టీ బండి. మ్యూజియంలో చూడబోయేది ఇలాంటి మామూలు నేల మీదే జరిగింది. ముందు ఇది చూస్తే లోపల శిల్పాలు, తెరలు చూసేటప్పుడు సినిమా సెట్టు అనిపించదు.

లోపల ఇద్దరిద్దరుగా నడుద్దాం, చిన్న తరగతి పిల్లకు పెద్ద తరగతి పిల్ల తోడు. అన్ని గ్యాలరీలూ చదవాలన్న పట్టుదల వద్దు. సోనాఖాన్, భూమ్‌కాల్, కోయీ తిరుగుబాటు, ఈ మూడూ నిదానంగా చూడండి. మిగతావి నడుస్తూ చూసినా చాలు, పారల్‌కోట్ దగ్గర మాత్రం గెంద్ సింగ్ పేరు చదివి కదలండి. 1825 జనవరి 20న ఆయన్ను సొంత ఇంటి ముందే ఉరితీశారు.

ఫొటోల గురించి. మ్యూజియంవాళ్లు ఒప్పుకున్న చోట బోర్డును, వస్తువును తీసుకోవచ్చు. మీ ముఖం అందులో ఉండకూడదు. ఇది నా నియమం, దీని మీద వాదన లేదు. గుంపు ఫొటో బయట చెట్టు కింద దిగుదాం, నవ్వుతూనే దిగుదాం.

నవ్వు వస్తే? వస్తుంది. భయం వేసినప్పుడు, ఏం చేయాలో తోచనప్పుడు పిల్లలకు నవ్వు వస్తుంది. నాలుక బయటపెట్టిన ఆ అబ్బాయికీ బహుశా భయమే వేసి ఉంటుంది. అలా అనిపిస్తే నా దగ్గరికి రండి, బయటికి వెళ్లి నీళ్లు తాగి వద్దాం. ఏడుపొచ్చినా అంతే. చూడలేనిది చూడకుండా దాటిపోవడం తప్పు కాదు, మార్కులు పోవు. ఐదో తరగతిలోపు పిల్లలను ఉరి, హింస చూపించే చోట్లకు తీసుకెళ్లం. వాళ్లకు మామిడి కొమ్మ కథ బయట ఇంకో టీచర్ చెబుతారు.

మనతో పాటు అక్కడ ఎవరుంటారో కూడా ఆలోచించండి. బస్తర్ నుంచి, సర్గుజా నుంచి వచ్చిన కుటుంబాలు ఉండొచ్చు. మనకు అది పాఠం, వాళ్లకు ముత్తాత. వాళ్ల బట్టలు, నగలు, భాష చూసి వేలు చూపించడం, "మేడమ్, వీళ్లేనా?" అని అడగడం చేయకండి. ఎవరైనా బోర్డు ముందు నిలబడి ఉంటే వాళ్లు కదిలేదాకా ఆగండి.

భోజనం చూసిన తర్వాతే, ముందు కాదు. అవును, పులిహోర ఉంటుంది. కాంతి నగర్ నుంచి ఒక అమ్మగారు అప్పుడే మాట ఇచ్చారు.

రాయవలసినది

ఈసారి యాత్రా వ్యాసం వద్దు. దారుణం, ఘోరం, హృదయవిదారకం, ఈ మూడు మాటలు వాడకుండా ఒక పేజీ రాయండి. ఆ మాటలు రాయగానే పెన్ను అక్కడితో పని అయిపోయిందనుకుంటుంది.

గ్యాలరీల్లో పేరున్నవాళ్ల చుట్టూ పేరు లేని బొమ్మలు చాలా ఉంటాయి. ధాన్యం కోసం కొంగు పట్టిన తల్లి. మిరపకాయలు కట్టిన కొమ్మ పట్టుకుని రాత్రి అడవి దాటిన కుర్రాడు. గుత్తేదారు దగ్గర కూలికి గొడ్డలి పట్టినవాడు. తుపాకి పట్టుకుని వరసలో చివర నిలబడిన సిపాయి. వాళ్లలో ఒకరిని ఎంచుకుని ఆ మనిషి ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేసి ఉంటాడో రాయండి. బోర్డు మీద చదివినది ఒక రంగు సిరాతో, మీరు ఊహించినది ఇంకో రంగు సిరాతో. రెండూ కలిసిపోకూడదు. హిందీ మాట వాడాల్సి వస్తే పక్కనే దానికి మీ ఇంట్లో వాడే తెలుగు మాట ఉండాలి. ఇంట్లో ఆ మాట లేకపోతే అమ్మమ్మకు ఫోన్ చేయండి.

తల్లిదండ్రుల సంతకం చేసిన కాగితాలు సోమవారంలోగా నాకు అందాలి. బస్సు ఉదయం ఆరున్నరకు బడి గేటు దగ్గర ఉంటుంది. చలికోటు, నీళ్ల సీసా, నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు తెచ్చుకోండి. చిప్స్ పొట్లాలు బస్సులోకి రావు.